క్యూట్‌తో డెస్క్‌టాప్ యాప్‌కి టూల్‌బార్ పెట్టడం ఎలా

టూల్‌బార్ కావాలనగానే చాలామంది బటన్లు పేర్చడం మొదలుపెడతారు. ఒక వరుసలో నాలుగు పుష్‌బటన్లు, ఒక్కోదానికీ ఒక బొమ్మ, నొక్కితే నడవాల్సిన ఫంక్షన్. చూడటానికి టూల్‌బార్‌లాగే ఉంటుంది. కానీ రేపు అదే ‘సేవ్’ మెనూలోకి కూడా రావాలి, కంట్రోల్ ఎస్ నొక్కినా పనిచేయాలి, సేవ్ చేయడానికేమీ లేనప్పుడు మసకబారాలి అంటే? బటన్, మెనూ, షార్ట్‌కట్ మూడింటినీ విడివిడిగా రాసి, మూడింటినీ విడివిడిగా ఆపుతూ, నడిపిస్తూ కూర్చోవాలి. ఎక్కడో ఒకచోట మర్చిపోవడం ఖాయం.

విండోలు, బటన్లు, మెనూలు తయారుచేయడానికి వాడే క్యూట్ (Qt) లైబ్రరీలో ఈ తలనొప్పి లేకుండా యాక్షన్ అనేది ఉంది. పేరు, ఐకాన్, షార్ట్‌కట్, ఇప్పుడు పనిచేస్తుందా లేదా అన్న స్థితి, నొక్కితే ఏం జరగాలి... ఇవన్నీ ఒకే ఆబ్జెక్ట్‌లో ఉంటాయి. దాన్ని టూల్‌బార్‌కి ఇస్తే బటన్‌గా కనిపిస్తుంది, మెనూకి ఇస్తే ఐటమ్‌గా కనిపిస్తుంది. కాబట్టి ఈ గైడ్‌లో మనం టూల్‌బార్ కంటే యాక్షన్ల మీదే ఎక్కువసేపు ఉంటాం. అవి సరిగ్గా కుదిరితే టూల్‌బార్ నాలుగు లైన్ల పని.

ఉదాహరణకి ఒక చిన్న నోట్స్ ఎడిటర్ తీసుకుందాం. అందులో సేవ్, అన్‌డూ, రీడూ, బోల్డ్, అలైన్‌మెంట్, ఫాంట్ సైజు ఉంటాయి. అదే కోడ్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడవాలి.

ముందు కావాల్సినవి

పైథాన్ ఉంటే పిప్‌తో పైసైడ్6 ప్యాకేజీ వేసుకోండి, క్యూట్‌ని పైథాన్ నుంచి వాడనిచ్చేది అదే. క్యూట్ లైబ్రరీ దానితోనే వచ్చేస్తుంది, విడిగా దించుకోనక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్‌లో రాసేవాళ్లకి కూడా క్లాసుల పేర్లు, మెథడ్ల పేర్లు ఇవే కాబట్టి ఇక్కడ చెప్పేదంతా దాదాపు అలాగే వర్తిస్తుంది.

పేర్లన్నీ నేను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. కోడ్‌లో టైప్ చేసేటప్పుడు ఒక పద్ధతి గుర్తుంచుకోండి: క్లాస్ పేరు పెద్ద ‘క్యూ’ అక్షరంతో మొదలవుతుంది, మెథడ్ పేరు చిన్న అక్షరంతో. రెండింటిలోనూ మధ్యలో వచ్చే ప్రతి కొత్త మాట పెద్ద అక్షరంతో ఉంటుంది, మధ్యలో అండర్‌స్కోర్లు ఉండవు.

పాత ట్యుటోరియల్ చూసి రాసేవాళ్లు మొదటి లైన్‌లోనే ఇరుక్కునే చోటు ఒకటుంది. క్యూట్ 5లో క్యూయాక్షన్, క్యూయాక్షన్‌గ్రూప్ అనే క్లాసులు క్యూట్‌విడ్జెట్స్ మాడ్యూల్‌లో ఉండేవి. 2020 డిసెంబర్‌లో వచ్చిన క్యూట్ 6లో అవి క్యూట్‌జీయూఐ మాడ్యూల్‌కి మారాయి. ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే ఇన్‌స్టలేషన్ పాడైందని టెన్షన్ పడకండి, మాడ్యూల్ పేరు మార్చండి.

1. విండోకి క్యూమెయిన్‌విండోనే వాడండి

మామూలు క్యూవిడ్జెట్ తీసుకుని, లేఅవుట్‌లో పైన టూల్‌బార్, కింద ఎడిటర్ పెట్టినా పనిచేస్తున్నట్టే ఉంటుంది. కానీ టూల్‌బార్‌ని పట్టుకుని పక్కకి లాగడం, దాచడం, రెండు టూల్‌బార్లు ఒకే వరుసలో సర్దుకోవడం, వాటి స్థానం గుర్తుండటం వంటివి క్యూమెయిన్‌విండోలోనే ఉన్నాయి. మెనూబార్, టూల్‌బార్లు, స్టేటస్‌బార్ అన్నిటికీ అది ముందే చోటు కేటాయించి ఉంచుతుంది. మీరు ఎడిటర్‌గా క్యూటెక్స్ట్‌ఎడిట్ ఒకటి తయారుచేసి సెట్‌సెంట్రల్‌విడ్జెట్‌తో మధ్యలో కూర్చోబెడితే చాలు.

2. యాక్షన్లు రాయండి

క్యూయాక్షన్‌కి మూడు విషయాలు ఇవ్వాలి: ఐకాన్, పేరు, పేరెంట్. పేరెంట్‌గా విండోని, అంటే సెల్ఫ్‌ని ఇవ్వండి. విండో ఉన్నంతకాలం యాక్షన్ ఉంటుంది. దాన్ని సెల్ఫ్ కింద ఒక పేరుతో దాచుకోండి కూడా, తర్వాత మసకబార్చడానికి, టిక్ పెట్టడానికి కావాలి.

షార్ట్‌కట్ విషయంలో ‘కంట్రోల్ ఎస్’ అని మీరే స్ట్రింగ్ రాయకండి. క్యూకీసీక్వెన్స్‌లో స్టాండర్డ్‌కీ అనే పట్టిక ఉంది. అందులోంచి ‘సేవ్’ ఇస్తే విండోస్‌లో కంట్రోల్ ఎస్, మ్యాక్‌లో కమాండ్ ఎస్ అవుతుంది. సేవ్ విషయంలో ఇదేమంత తేడా అనిపించకపోవచ్చు, రీడూ దగ్గర తెలుస్తుంది. విండోస్ వాడేవాళ్ల చెయ్యి కంట్రోల్ వై మీదకి వెళ్తుంది, మ్యాక్ వాడేవాళ్లది కమాండ్ షిఫ్ట్ జెడ్ మీదకి. పట్టికలోని ‘రీడూ’ ఎక్కడికక్కడ సరైనది ఇస్తుంది. అయితే పట్టికలో అన్నిటికీ అన్నిచోట్లా కీలు లేవు. ‘క్విట్’కి విండోస్‌లో ఏమీ ఉండదు, కావాలంటే మీరే ఇవ్వాలి.

సెట్‌స్టేటస్‌టిప్‌తో ఒక వాక్యం కూడా ఇవ్వండి. మౌస్ ఆ బటన్ మీదకి రాగానే కింద స్టేటస్‌బార్‌లో కనిపిస్తుంది. టూల్‌టిప్ ఇవ్వకపోయినా క్యూట్ యాక్షన్ పేరునే చూపిస్తుంది. బొమ్మ మాత్రమే ఉన్న బటన్‌కి అదే దిక్కు కాబట్టి పేర్లు ‘చేయి’, ‘ఓకే’ అని కాకుండా అర్థమయ్యేలా పెట్టండి.

ఇక నొక్కితే జరగాల్సిన పని. ఏదైనా జరిగినప్పుడు క్యూట్ ఆబ్జెక్ట్ పంపే కబురుని సిగ్నల్ అంటారు. ట్రిగర్డ్ అనే సిగ్నల్‌ని మీ ఫంక్షన్‌కి కనెక్ట్ చేయాలి. ఇక్కడొక ఉచ్చు ఉంది, కాస్త ఆగి చూద్దాం.

మీ సేవ్ ఫంక్షన్ ఇలా ఉందనుకోండి: పాత్ అనే పారామీటర్, దాని డిఫాల్ట్ విలువ నన్. పాత్ నన్ అయితే ఇప్పుడు తెరిచి ఉన్న ఫైల్‌కే రాయాలి, వేరే పాత్ ఇస్తే అక్కడ రాయాలి. చూడటానికి ఏ తప్పూ లేదు. కానీ ట్రిగర్డ్ సిగ్నల్ ఖాళీగా రాదు, బటన్ టిక్ అయి ఉందా లేదా అన్న బూలియన్‌ని మోసుకొస్తుంది. టిక్ లేని బటన్ కాబట్టి అది ఫాల్స్. మీ ఫంక్షన్‌కి ఒక పారామీటర్ ఖాళీగా కనిపిస్తోంది కదా, ఆ ఫాల్స్ వచ్చి పాత్‌లో కూర్చుంటుంది. ఫాల్స్ అంటే నన్ కాదు కాబట్టి మీ ‘ఇఫ్’ దాన్ని వదిలేస్తుంది. తర్వాత ఆ ఫాల్స్ నేరుగా ఓపెన్ ఫంక్షన్‌లోకి వెళ్తుంది. పైథాన్‌లో ఫాల్స్ విలువ సున్నా. ఓపెన్‌కి సున్నా ఇస్తే ఫైల్ పేరు అనుకోదు, స్టాండర్డ్ ఇన్‌పుట్ డిస్క్రిప్టర్ (ముందే తెరిచి ఉన్న ఇన్‌పుట్‌కి సిస్టమ్ ఇచ్చిన నంబర్) అనుకుంటుంది. టెర్మినల్ నుంచి నడిపితే ఒక్కోసారి మీ నోట్స్ మొత్తం టెర్మినల్‌లో ప్రింట్ అవుతుంది, ఫైల్ మాత్రం అలాగే ఉంటుంది, ఎర్రర్ కూడా రాకపోవచ్చు. దీన్ని వెతికి పట్టుకోవడం అంత తేలిక కాదు.

విరుగుడు మాత్రం చిన్నదే. ఫంక్షన్‌ని నేరుగా కనెక్ట్ చేయకుండా, పారామీటర్లు లేని లాంబ్డా ఒకటి మధ్యలో పెట్టి, దాని లోపల సేవ్‌ని ఖాళీ బ్రాకెట్లతో పిలవండి. లేదా బటన్ కోసం పారామీటర్లేమీ లేని వేరే ఫంక్షన్ రాసుకోండి. నాకైతే రెండోదే నచ్చుతుంది, కోడ్ చదివేవాళ్లకి ఉద్దేశం వెంటనే తెలుస్తుంది.

3. టూల్‌బార్ తయారుచేయండి

విండో మీద యాడ్‌టూల్‌బార్‌ని ఒక పేరుతో పిలిస్తే టూల్‌బార్ తయారై చేతికొస్తుంది. ఆ పేరు అలంకారానికి కాదు, టూల్‌బార్ మీద రైట్‌క్లిక్ చేసినప్పుడు వచ్చే జాబితాలో వాడేవాళ్లకి కనిపించేది అదే. వెంటనే సెట్‌ఆబ్జెక్ట్‌నేమ్‌తో దానికి ఒక లోపలి పేరు కూడా పెట్టండి, ఎందుకో 8వ అడుగులో తెలుస్తుంది. తర్వాత యాడ్‌యాక్షన్‌తో సేవ్, యాడ్‌సెపరేటర్‌తో ఒక గీత, మళ్లీ యాడ్‌యాక్షన్‌తో అన్‌డూ, రీడూ.

అవే యాక్షన్లని మెనూకి కూడా ఇవ్వండి. కొత్తవి తయారుచేయకండి, అవే ఆబ్జెక్టులు. టూల్‌బార్‌లో ఉన్న ప్రతిదీ మెనూలో ఉండి తీరాలని నేనంటాను. మౌస్ వాడనివాళ్లకి, టూల్‌బార్ దాచేసుకున్నవాళ్లకి దారి అదే. దీనికి తిరగేసి మాత్రం అనను: మెనూలో ఉన్న ప్రతిదాన్నీ టూల్‌బార్ మీదకి ఎక్కించనక్కర్లేదు. ‘ఎగ్జిట్’ బటన్ అయితే అసలు వద్దు, విండో మూలన అది ఎలాగూ ఉంది, పైగా సేవ్ పక్కన ఉంటే పొరపాటున చెయ్యి తగులుతుంది.

4. మసకబారాల్సినప్పుడు మసకబారాలి

సెట్‌ఎనేబుల్డ్‌కి ఫాల్స్ ఇస్తే చాలు, టూల్‌బార్‌లో బటన్, మెనూలో ఐటమ్ రెండూ మసకబారతాయి, షార్ట్‌కట్ కూడా ఆగుతుంది. మసక ఐకాన్ వేరుగా గీయనక్కర్లేదు, క్యూటే తయారుచేసుకుంటుంది.

ఎప్పుడు మసకబారాలో కూడా ఎడిటరే చెబుతుంది. క్యూటెక్స్ట్‌ఎడిట్‌కి అన్‌డూఅవైలబుల్, రీడూఅవైలబుల్, కాపీఅవైలబుల్ అనే సిగ్నల్స్ ఉన్నాయి, మూడూ బూలియన్ పంపుతాయి. వాటిని ఆయా యాక్షన్ల సెట్‌ఎనేబుల్డ్‌కి నేరుగా కనెక్ట్ చేయండి, మధ్యలో మీ ఫంక్షన్ ఏదీ అవసరం లేదు. సేవ్‌కి మాత్రం ఎడిటర్ లోపలి డాక్యుమెంట్ దగ్గరికి వెళ్లాలి. దానికి మాడిఫికేషన్‌చేంజ్డ్ అనే సిగ్నల్ ఉంది. ఫైల్ రాయడం పూర్తయ్యాక డాక్యుమెంట్ మీద సెట్‌మాడిఫైడ్‌కి ఫాల్స్ ఇవ్వండి, సేవ్ బటన్ దానంతటదే మసకబారుతుంది.

ఈ సిగ్నల్స్ మార్పు జరిగినప్పుడే వస్తాయి, యాప్ తెరవగానే రావు. కాబట్టి వీటికి తగిలించిన యాక్షన్లన్నిటినీ మొదట మీరే ఆపి ఉంచాలి. లేకపోతే ఖాళీ పేజీ మీద అన్‌డూ వెలుగుతూ కనిపిస్తుంది.

5. బోల్డ్, అలైన్‌మెంట్: నొక్కితే నొక్కినట్టే ఉండేవి

బోల్డ్ యాక్షన్‌కి సెట్‌చెకబుల్ ట్రూ ఇవ్వండి. ఇప్పుడు రెండు సిగ్నల్స్ కనిపిస్తాయి: ట్రిగర్డ్, టాగుల్డ్. ట్రిగర్డ్ అనేది యాప్ వాడేవాళ్లు నొక్కినప్పుడు వస్తుంది, మౌస్‌తో అయినా షార్ట్‌కట్‌తో అయినా. టాగుల్డ్ మాత్రం కోడ్‌లో మీరు సెట్‌చెక్డ్ పిలిచి స్థితి మార్చినా వచ్చేస్తుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చూడండి. కర్సర్ బోల్డ్ అక్షరాల మీదకి వెళ్తే బటన్ నొక్కినట్టు కనిపించాలి, మామూలు అక్షరాల మీదకి వస్తే పైకి లేవాలి. అందుకోసం ఎడిటర్ కరెంట్‌క్యార్‌ఫార్మాట్‌చేంజ్డ్ సిగ్నల్ విని, ఫార్మాట్‌లో ఫాంట్‌వెయిట్ బోల్డ్ అయితే సెట్‌చెక్డ్ ట్రూ, కాకపోతే ఫాల్స్ చేస్తాం. ఇప్పుడు బోల్డ్ చేసే ఫంక్షన్‌ని టాగుల్డ్‌కి తగిలించారనుకోండి. మౌస్‌తో ఒక వాక్యం సెలెక్ట్ చేస్తూ బోల్డ్ మాట దాకా లాగగానే బటన్ టిక్ అవుతుంది, టిక్ అవ్వగానే టాగుల్డ్ వస్తుంది, అది ‘సెలెక్ట్ చేసినదంతా బోల్డ్ చెయ్యి’ అంటుంది. సెలెక్ట్ మాత్రమే చేసినవాళ్ల వాక్యం మొత్తం లావెక్కి కూర్చుంటుంది! ట్రిగర్డ్‌కి తగిలిస్తే ఈ గొడవే ఉండదు. బోల్డ్ ఫంక్షన్‌కి ఆ సిగ్నల్ తెచ్చే బూలియన్ ఈసారి నిజంగా పనికొస్తుంది: ట్రూ అయితే బోల్డ్, ఫాల్స్ అయితే నార్మల్.

అలైన్‌మెంట్‌కి ఎడమ, మధ్య, కుడి అని మూడు చెకబుల్ యాక్షన్లు చేసి ఒక క్యూయాక్షన్‌గ్రూప్‌లో వేయండి. ఒకటి నొక్కితే మిగతావి వాటంతటవే లేస్తాయి. మొదట్లో ఎడమకి టిక్ పెట్టడం మర్చిపోకండి.

6. ఫాంట్ సైజు లాంటి విడ్జెట్లు

కాంబోబాక్స్‌లాంటి వాటిని టూల్‌బార్‌కి యాడ్‌విడ్జెట్‌తో ఇస్తాం. సైజు మార్పు వినడానికి క్యూకాంబోబాక్స్‌లోని టెక్స్ట్‌యాక్టివేటెడ్ సిగ్నల్ వాడండి. అది వాడేవాళ్లు ఎంచుకున్నప్పుడే వస్తుంది, కాబట్టి బోల్డ్ దగ్గర చూసిన చిక్కు ఇక్కడ రాదు. సైజు మార్చాక ఎడిటర్ మీద సెట్‌ఫోకస్ పిలవండి. లేకపోతే తర్వాత టైప్ చేసేది కాంబోబాక్స్‌లోకి పోతుంది.

ఫోకస్ గురించే ఇంకో మాట. యాక్షన్ నుంచి టూల్‌బార్ తయారుచేసే బటన్ ఫోకస్ లాక్కోదు, బోల్డ్ నొక్కినా కర్సర్ ఎడిటర్‌లోనే ఉంటుంది. యాడ్‌విడ్జెట్‌తో మామూలు పుష్‌బటన్ తెచ్చిపెడితే ఈ సుఖం పోతుంది. బటన్లు కాకుండా యాక్షన్లు అని మొదట్నుంచీ అంటున్నదానికి ఇదొక కారణం.

ఒకవేళ కాంబోబాక్స్‌ని కొంతసేపు దాచాలనుకుంటే దాని మీద హైడ్ పిలిచి లాభం లేదు, టూల్‌బార్‌లో అది పనిచేయదు. యాడ్‌విడ్జెట్ పిలిచినప్పుడు అది ఒక యాక్షన్‌ని తిరిగిస్తుంది. దాన్ని దాచుకుని, దాని మీద సెట్‌విజిబుల్ ఫాల్స్ చేయాలి.

ఏదైనా బటన్ కుడి చివరకి జరగాలంటే ఖాళీ క్యూవిడ్జెట్ ఒకటి తీసుకుని, అడ్డంగా ఎక్స్‌పాండింగ్ సైజ్ పాలసీ ఇచ్చి, ఆ బటన్ ముందు పెట్టండి. మధ్యలో ఉన్న ఖాళీనంతా అదే మింగేస్తుంది.

బటన్ పక్కన చిన్న బాణం, నొక్కితే ‘ఇటీవలి ఫైళ్లు’ రావాలంటే యాక్షన్‌కి సెట్‌మెనూతో మెనూ తగిలించండి. టూల్‌బార్‌లో బటన్, బాణం విడివిడిగా వస్తాయి. బటన్ మొత్తం మెనూనే తెరవాలంటే విడ్జెట్‌ఫర్‌యాక్షన్‌తో అసలు టూల్‌బటన్‌ని పట్టుకుని, పాపప్‌మోడ్‌ని ఇన్‌స్టంట్‌పాపప్ చేయాలి.

7. ఐకాన్లు

మీ కంప్యూటర్‌లో బాగున్న ఐకాన్లు వేరేవాళ్ల దగ్గర కనిపించకపోవడం ఎక్కువగా పాత్ వల్లే. ‘ఐకాన్స్’ ఫోల్డర్‌కి రిలేటివ్ పాత్ ఇస్తే అది ప్రోగ్రామ్ ఎక్కడ ఉందో అక్కడ్నుంచి కాదు, ఎక్కడ్నుంచి నడిపారో అక్కడ్నుంచి లెక్కవుతుంది. దొరక్కపోతే క్యూఐకాన్ ఎర్రర్ ఇవ్వదు, ఖాళీగా ఉండిపోతుంది. స్క్రిప్ట్ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి పాత్ కట్టండి, లేదా క్యూట్ రిసోర్స్ ఫైల్‌లో చుట్టేయండి.

ఫ్రమ్‌థీమ్‌కి ‘డాక్యుమెంట్ సేవ్’ వంటి ప్రామాణిక పేరు ఇస్తే లినక్స్ డెస్క్‌టాప్‌లు తమ థీమ్‌లోని ఐకాన్ ఇస్తాయి. విండోస్, మ్యాక్‌లలో సిస్టమ్ ఐకాన్లు అందడం క్యూట్ 6.7 నుంచి మొదలైంది. అంతకుముందు వెర్షన్ అయితే రెండో ఆర్గ్యుమెంట్‌గా మీ సొంత ఐకాన్ ఇచ్చి పెట్టండి, ఇది దొరకనప్పుడు అది వస్తుంది.

సొంత ఐకాన్లకి ఎస్‌వీజీ మేలు. క్యూట్ 6లో హై డీపీఐ స్కేలింగ్ (పిక్సెళ్లు దట్టంగా ఉన్న స్క్రీన్ మీద అన్నిటినీ తగినంత పెద్దవి చేయడం) ముందే ఆన్‌లో ఉంటుంది, చిన్న పీఎన్‌జీలు పెద్ద స్క్రీన్ మీద అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఇంకొకటి, నల్ల గీతల ఐకాన్లు డార్క్ మోడ్‌లో మాయమైపోతాయి, మామూలు ఐకాన్‌కి క్యూట్ తనంతట తాను రంగు మార్చదు. 6.5 నుంచి స్టైల్‌హింట్స్‌లో కలర్‌స్కీమ్ అడిగి తెలుసుకోవచ్చు, మారినప్పుడు సిగ్నల్ కూడా వస్తుంది. రెండు సెట్లు పెట్టుకుని మార్చుకోవడమో, రెండిట్లోనూ కనిపించే నడిమి రంగు వాడటమో చేయాలి.

ఐకాన్ పక్కన పేరు కూడా కనిపించాలా? సెట్‌టూల్‌బటన్‌స్టైల్‌ని విండో మీద పిలిస్తే అన్ని టూల్‌బార్లకీ ఒకేసారి వర్తిస్తుంది. ‘ఐకాన్ పక్కన టెక్స్ట్’ పెడితే చోటు చాలదన్న భయం ఉంటే, అంత ముఖ్యం కాని యాక్షన్లకి సెట్‌ప్రయారిటీతో లో ప్రయారిటీ ఇవ్వండి. అవి బొమ్మతోనే సరిపెట్టుకుంటాయి, ముఖ్యమైనవాటికే పేర్లు ఉంటాయి. పేరు పొడుగైతే సెట్‌ఐకాన్‌టెక్స్ట్‌తో టూల్‌బార్ కోసం పొట్టి పేరు ఇవ్వొచ్చు. ఇంత మంచి సౌకర్యాన్ని వాడే యాప్‌లు తక్కువగా కనిపిస్తాయి ఎందుకో.

విండో ఇరుకైతే పట్టని బటన్లు చివరి చిన్న బాణం వెనక్కి వెళ్తాయి. దాన్ని మీరు రాయనక్కర్లేదు. కాకపోతే విండోని సగానికి కుదించి ఏవి దాక్కుంటున్నాయో చూసి, తరచూ కావాల్సినవి ఎడమవైపుకి జరపండి.

8. వాడేవాళ్లు సర్దుకున్నది గుర్తుంచుకోండి

టూల్‌బార్‌ని ఎడమ అంచుకి లాగినవాళ్లకి రేపు యాప్ తెరిచినప్పుడు అది అక్కడే ఉండాలి. విండో మూసేటప్పుడు, అంటే క్లోజ్‌ఈవెంట్‌లో, సేవ్‌స్టేట్ ఇచ్చినదాన్ని, సేవ్‌జామెట్రీ ఇచ్చినదాన్ని క్యూసెట్టింగ్స్‌లో (యాప్ సెట్టింగులు దాచే క్లాస్) రాయండి. మొదటిది టూల్‌బార్ల స్థానం, రెండోది విండో సైజు. తెరిచేటప్పుడు రీస్టోర్‌జామెట్రీ, రీస్టోర్‌స్టేట్ పిలవండి. టూల్‌బార్లన్నీ తయారయ్యాకే పిలవాలి, ముందే పిలిస్తే సర్దడానికి అక్కడేమీ ఉండదు. సెట్‌ఆబ్జెక్ట్‌నేమ్ ఎందుకన్నానో ఇప్పుడు తెలిసింది కదా, ఏ టూల్‌బార్ ఏదో క్యూట్ ఆ పేరుతోనే గుర్తుపడుతుంది. పెట్టకపోతే సేవ్‌స్టేట్ దగ్గర హెచ్చరిక వస్తుంది.

టూల్‌బార్‌ని దాచేసుకుని తర్వాత ఎక్కడికి పోయిందని వెతుక్కునేవాళ్లు ఉంటారు. ప్రతి టూల్‌బార్‌కీ టాగుల్‌వ్యూయాక్షన్ అనే సిద్ధమైన యాక్షన్ ఉంది. దాన్ని ‘వ్యూ’ మెనూలో వేయండి, టిక్ పెడితే టూల్‌బార్ తిరిగొస్తుంది. టూల్‌బార్ అసలు కదలకూడదనుకుంటే సెట్‌మూవబుల్ ఫాల్స్. కాంబోబాక్స్ ఉన్న టూల్‌బార్ నిలువుగా నిలబడితే బాగోదు, దానికి సెట్‌అలౌడ్‌ఏరియాస్‌తో పైన, కింద మాత్రమే అనుమతించండి.

కొత్త వెర్షన్‌లో టూల్‌బార్లని తిరగరాసి అమర్చారనుకోండి. పాతవాళ్ల కంప్యూటర్లలో దాచి ఉన్న పాత స్థితి దాని మీద వచ్చి పడి, మీరు అనుకోని చోట్ల బటన్లు కనిపించవచ్చు. సేవ్‌స్టేట్, రీస్టోర్‌స్టేట్ రెండూ ఒక వెర్షన్ నంబర్ తీసుకుంటాయి, ఇవ్వకపోతే సున్నా. అమరిక మారినప్పుడల్లా రెండుచోట్లా ఆ నంబర్‌ని ఒకటి పెంచండి. నంబర్ కలవకపోతే రీస్టోర్‌స్టేట్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, కొత్త అమరిక మీరు రాసినట్టే వస్తుంది.